ముందు నీటి దారి, చివర ప్లాటు: కొత్త లేఅవుట్లలో కుంట, వాగు, గుట్ట, చెట్టు నిలబెట్టే పద్ధతి

హైదరాబాద్ శివార్లలో లేఅవుట్ వేసే అలవాటైన వరుస ఒకటుంది. సర్వేయర్ హద్దులు చూపిస్తాడు. వాటి మధ్య 40 అడుగుల, 30 అడుగుల రోడ్లు నిలువుగా, అడ్డంగా గీస్తారు. వాటి నడుమ 200 గజాల ప్లాట్లు కోస్తారు. మిగిలిన వంకర ముక్కలకు పచ్చరంగు పూసి ‘పార్కు’ అని రాస్తారు. వాగు అడ్డమొస్తే పక్కకు తిప్పుతారు. బండ అడ్డమొస్తే పేలుస్తారు.

ఈ మార్గదర్శి ఆ వరుసను తిరగేస్తుంది. ముందు నీరు పారే చోటు, నిలిచే చోటు, ఇంకే చోటు గీయాలి. తర్వాత గుట్టలు, చెట్లు. ఆపైన రోడ్లు. ప్లాట్లు చిట్టచివర. వరుస మారితే చాలు, సగం నష్టం అక్కడే ఆగుతుంది. కాపాడుకోవాల్సింది మొదటి గీతలోనే పడుతుంది కాబట్టి, తర్వాత ఎవరూ దాన్ని ‘మిగులు భూమి’ అనలేరు.

లెక్కలకు వీలుగా ఒక నమూనా స్థలం అనుకుందాం. 40 ఎకరాలు, అంటే సుమారు 16 హెక్టార్లు. పల్లపు చివర రెండున్నర ఎకరాల కుంట. దానిలోకి 350 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న వాగు. ఎగువ మూల రెండున్నర ఎకరాల రాతిగుట్ట. మిగతాది ఎర్రనేల, అక్కడక్కడ వేపలు, ఈతలు, తుమ్మలు. దక్కన్ గ్రానైట్ నేలలో ఇలాంటి స్థలాలే ఎక్కువ.

1. కాగితాల్లో నీటిని వెతకడం

వేసవిలో భూమి చూస్తే వాగు కనిపించదు, చిన్న పల్లంలా ఉంటుంది. అందుకే స్థలం కంటే ముందు కాగితాలు చూడాలి. గ్రామ నక్షా తెచ్చి సర్వే నంబర్ల మీద వాగు గీతలు, శిఖం భూములు (చెరువు నీరు నిలిచే నేల), బంచరాయి (పశువుల మేత భూమి), బండిబాట గుర్తించండి. పాత పహాణీలో (గ్రామ భూమి రికార్డు) ‘శిఖం’, ‘కుంట’, ‘నాలా’ అని రాసి ఉన్న నంబర్లకు రంగు వేయండి. తెలంగాణలో భూభారతి, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి ఇప్పటి యాజమాన్యాన్ని చూపిస్తాయి కానీ నీటి చరిత్ర చెప్పవు. రిజిస్ట్రేషన్‌కు వీల్లేని భూముల నిషేధిత జాబితా (22ఏ) విడిగా చూసుకోవాలి.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ కూడా తీసుకోండి. 1:50,000 పటంలో ఎత్తుగీతల (కాంటూర్ల) మధ్య తేడా 20 మీటర్లు కాబట్టి ప్లాట్లకు అది పనికిరాదు. కానీ ఎగువన ఏ చెరువు అలుగు పారితే నీరు మీ కుంటకు వస్తుందో, మీ కుంట నిండితే ఎవరి చెరువుకు పోతుందో అందులో తేలుతుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. మీ 40 ఎకరాలు ఆ గొలుసులో ఒక లంకె. భువన్ పోర్టల్‌లో ఉచితంగా దొరికే ఇస్రో కార్టోశాట్ ఉపగ్రహ ఎత్తుల సమాచారం 30 మీటర్ల గడిలో ఉంటుంది. పరీవాహక ప్రాంతం గీయడానికి అది చాలు, అంతకు మించి నమ్మొద్దు.

గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడండి. 2020 అక్టోబరు వానల తర్వాతి చిత్రం దొరికితే హైదరాబాద్ చుట్టుపక్కల నీరు నిజంగా ఎక్కడిదాకా నిలిచిందో తెలుస్తుంది. కుంట ఏటేటా చిన్నదవుతూ, అంచున మట్టికుప్పలు పెరుగుతూ కనిపిస్తే ఎవరో పూడుస్తున్నారని అర్థం. కొనకముందే తెలుసుకోవాల్సిన సంగతి అది.

2. అలుగు మట్టం పట్టుకుని ఎఫ్‌టీఎల్ గీయడం

మొత్తం పనిలో అన్నిటికంటే కచ్చితంగా చేయాల్సింది ఇదే. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే చెరువు నిండి, అలుగు మీదుగా నీరు జారడానికి సిద్ధంగా ఉన్న మట్టం. కాబట్టి అలుగు (మత్తడి) పైఅంచు ఎత్తే ఎఫ్‌టీఎల్ ఎత్తు. సర్వే పరికరాలైన ఆటో లెవెల్ లేదా టోటల్ స్టేషన్‌తో అలుగు మీద బిందువు తీసుకుని, అదే ఎత్తులో కుంట చుట్టూ 10 మీటర్లకొక మేకు దిగేయండి. మేకులన్నీ కలిపిన గీతే ఎఫ్‌టీఎల్ హద్దు. ఈ పని మీ తృప్తికి మాత్రమే. చట్టపరమైన హద్దు నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ఉమ్మడిగా సర్వే చేసి ఇచ్చేది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో చెరువులకు ప్రాథమిక, తుది నోటిఫికేషన్లు విడిగా ఉంటాయి, అవీ సరిచూడండి.

పొరపాటు జరిగే చోట్లు మూడు. మొదటిది, అలుగును ఎవరో పగలగొట్టి ఎత్తు తగ్గించి ఉండటం. అప్పుడు మీరు గీసే హద్దు తప్పుగా లోపలికి జరుగుతుంది. అలుగు రాళ్ల మీద పాత గచ్చు గుర్తులు, తూము మెట్ల ఎత్తు చూసి పోల్చండి. రెండోది, శిఖం హద్దూ ఎఫ్‌టీఎల్ హద్దూ ఒకటే అనుకోవడం. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూమి ఉండొచ్చు. రైతు నీరు తగ్గాక అక్కడ సాగు చేసుకోవచ్చు గానీ, పట్టా ఉంది కదా అని ఇల్లు కట్టడానికి కుదరదు. మూడోది, మట్టి పోసి ఎత్తు పెంచిన చోట కొత్త మట్టం కొలిచి ‘ఇది ఎఫ్‌టీఎల్ బయట ఉంది’ అనడం. పోసిన మట్టి కింద అసలు నేల ఎంత లోతున ఉందో గుంత తవ్వి చూడాలి. ఎర్రనేల కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ తగిలితే సంగతి తెలిసిపోతుంది.

ఎఫ్‌టీఎల్ అయ్యాక స్థలం మొత్తానికి అర మీటరు తేడాతో ఎత్తుగీతల సర్వే చేయించండి. తర్వాతి లెక్కలన్నిటికీ ఆధారం ఇదే. డ్రోన్‌తో చేయిస్తే గడ్డి, పొదల ఎత్తు నేల ఎత్తులో కలిసిపోతుంది. అందుకే వాగు ఒడ్డున, చెట్ల కింద మనిషి వెళ్లి కొలవాలి.

3. ఒక వానాకాలం చూడటం

కుదిరితే జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక వానాకాలం స్థలాన్ని గమనించాలి. అంత వ్యవధి లేకపోతే కనీసం రెండు పెద్ద వానల్లో, పడుతున్నప్పుడు ఒకసారి, మర్నాడు ఒకసారి నడవండి. గడ్డిలో చిక్కిన చెత్త ఎంత ఎత్తున ఆగిందో చూస్తే వరద మట్టం తెలుస్తుంది. తడి ఆరని చోట్లు, తుంగ మొలిచే చోట్లు గుర్తు పెట్టండి. ఊళ్లో నీరటిగా (చెరువు నీటి కాపరిగా) పనిచేసిన పెద్దమనిషి ఉంటే ఆయనను వెంటబెట్టుకుని కట్ట మీద నడవండి. ‘పెద్దాయనా, కట్ట ఎప్పుడన్నా తెగిందా? ఏ పక్క తెగింది?’ అని అడగండి. గొర్లు, మేకలు కాసేవాళ్లకు ఎండాకాలంలో కూడా నీరుండే దొనలు తెలుసు. ఏ కన్సల్టెంటు నివేదికలోనూ ఇవి దొరకవు.

ఇదే సమయంలో ఇంకుడు పరీక్ష చేయండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి నీరు నింపి ఒక రాత్రి నాననివ్వాలి. తెల్లారి మళ్లీ నింపి గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలవాలి. ఎకరానికి ఒక గుంత చొప్పున చేస్తే నేల గుణం తేలుతుంది. గంటకు 12 మిల్లీమీటర్ల కంటే తక్కువ దిగితే అక్కడ ఇంకుడుగుంతల మీద ఆశ పెట్టుకోవద్దు. నల్లరేగడిలో దాదాపు ఎప్పుడూ ఇంతే. ఎర్రనేల, కింద మొరం ఉన్న చోట బాగా దిగుతుంది. ఆ చోట్లను ప్లాట్ల కింద కప్పేస్తే ఊరి బోర్లకు నీరు తగ్గుతుంది. వాటిని ఖాళీగా ఉంచడమే తెలివైన పని.

4. గుట్ట, చెట్టు, గడ్డినేల లెక్క

ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, 60 సెంటీమీటర్ల కంటే ఎక్కువ చుట్టుకొలత ఉన్న ప్రతి చెట్టుకూ నంబరు వేసి, జాతి, చుట్టుకొలత, కొమ్మల విస్తీర్ణం రాయాలి. ఎఫ్‌టీఎల్ పటం మీదనే చెట్లూ పడాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి దొరుకుతుందా అని అడగడానికి ముందు, ఆ చెట్టు నిజంగా అడ్డమా, రోడ్డును రెండు మీటర్లు జరిపితే సరిపోతుందా అని చూడండి. విడిగా ఉన్న ఒక పెద్ద చెట్టు కంటే, కింద పొదలతో కలిసి ఉన్న పది చెట్ల గుంపు ఎక్కువ ప్రాణులను పోషిస్తుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే గుంపునే ఉంచండి. నీటి మీదికి వంగిన ఈతలు, తుమ్మల మీద గిజిగాళ్ల గూళ్లుంటే ఆ చెట్లను ముట్టుకోవద్దు.

‘చెట్టును వేళ్లతో సహా తీసి వేరేచోట నాటుతాం’ అనే మాటను పరిష్కారంగా తీసుకోవద్దు. మర్రి, రావి జాతులు కొంత తట్టుకుంటాయి. చాలా జాతులు మొదటి ఏడాది పచ్చగా కనిపించి, తర్వాత నెమ్మదిగా ఎండిపోతాయి.

గుట్ట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దక్కన్‌లోని ఈ గ్రానైట్ 250 కోట్ల ఏళ్ల నాటిది. పేల్చేశాక దాన్ని తిరిగి తెచ్చే పద్ధతి లేదు. బండ మీద పడిన వాన ఆగకుండా జారి పాదం దగ్గరి మట్టిలో ఇంకుతుంది. సీతాఫలం, బలుసు, తంగేడు గుట్ట చుట్టూ ఒత్తుగా పెరగడానికి కారణం అదే. గుట్టను ఉంచి, దాని పాదం దాకా రోడ్డు వేస్తే ఆ పచ్చదనం రెండు మూడేళ్లలో పోతుంది. చుట్టూ కనీసం 10 మీటర్ల పట్టీ కదల్చకుండా వదలండి. సందుల్లో ఉడుములు, జెర్రిపోతులు, ముంగిసలు ఉంటాయి. ‘పాములొస్తాయి’ అని సందులను సిమెంటుతో మూయించడం ఆ తర్వాత జరిగే పొరపాటు. ఎలుకలను తినే జెర్రిపోతు గుట్టలో ఉంటే ఇళ్ల మధ్య ఎలుకల బెడద తగ్గుతుంది.

గడ్డినేలను అందరూ ‘పడావు’ అంటారు. చెట్లు లేవు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుంటారు. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది, కుందేలు గడ్డిలోనే పిల్లలను దాస్తుంది. దసరా ముందు బతుకమ్మకు కోసే గునుగు, తంగేడు ఇలాంటి నేలల్లోనే పూస్తాయి. కనీసం ఒక ఎకరం గడ్డినేలను మొక్కలు నాటకుండా అలాగే వదిలేయండి.

5. చట్టం చెప్పే కనీసం, నిజంగా కావాల్సిన వెడల్పు

2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. 10 హెక్టార్ల లోపు చెరువులు, కుంటలు, శిఖం భూములకు 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా, కాలువకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. నదులకు కార్పొరేషన్, మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు, బయట 100. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి నిబంధనలు చూసుకోవాలి. మాస్టర్ ప్లాన్ అంతకు మించి అడిగితే అదే వర్తిస్తుంది.

మన నమూనా స్థలంలో కుంటకు 9 మీటర్లు, వాగుకు 2 మీటర్లు వదిలితే చట్టానికి సరిపోతుంది. వాగుకు సరిపోదు. రెండు మీటర్ల పట్టీలో ఒక పెద్ద చెట్టు వేళ్లు కూడా పట్టవు. ఒడ్డు కోసుకుపోతే మొదటి పెద్ద వానకే ప్రహరీ పునాది బయటపడుతుంది. అప్పుడు అందరూ కలిసి కాంక్రీటు గోడ అడుగుతారు. వాగు పెట్టెకాలువ అవుతుంది, నీటి వేగం పెరుగుతుంది, దిగువ ఊరి వాళ్లు మునుగుతారు.

అందుకే మా సిఫార్సు: కుంట చుట్టూ 15 మీటర్లు, వాగు వచ్చి కలిసే వైపు 30 మీటర్లు, వాగుకు ఇరువైపులా 12 మీటర్ల చొప్పున. లెక్క ఇలా వస్తుంది. కుంట బఫర్, అంటే చుట్టూ వదిలే పట్టీ, దాదాపు 1.9 ఎకరాలు. వాగు, ఒడ్లు కలిపి 30 మీటర్ల వెడల్పు, 350 మీటర్ల పొడవు, అంటే 2.6 ఎకరాలు. గుట్ట 2.5. వాన నీటిని ఆపే గుంట (దీని లెక్క కింద ఉంది) 1 ఎకరం. మొత్తం 8 ఎకరాలు. మామూలు లేఅవుట్‌లో కుంట పోను మిగిలే 37.5 ఎకరాల్లో పది శాతం ఖాళీ స్థలం కింద 3.75 ఎకరాలు పోతుంది. జీవో 168 ప్రకారం బఫర్‌ను ఆ ఖాళీ స్థలం లెక్కలో చూపుకోవచ్చు, కాబట్టి అదనంగా వదిలేది 4.25 ఎకరాలు.

ఇది చిన్న త్యాగం కాదు, దాచి చెప్పడం మంచిది కాదు. రోడ్లు నేల వాలుకు తగ్గట్టు గీస్తే వాటి విస్తీర్ణం 11 ఎకరాల నుంచి 9.5కు దిగుతుంది. చివరికి ప్లాట్లకు మామూలు పద్ధతిలో 22.75 ఎకరాలు మిగిలేది, ఇక్కడ 20 మిగులుతుంది. 200 గజాల లెక్కన 550 ప్లాట్లకు బదులు 484. ఈ లోటు పూడ్చడానికి కొన్ని ప్లాట్లను 150 గజాలు చేయొచ్చు, లేదా ఎత్తైన వైపు ఒక ఎకరంలో అపార్ట్‌మెంట్ బ్లాకు పెట్టొచ్చు. బండ పేల్చడం, పల్లం నింపడం, పెట్టెకాలువ కట్టడం అనే మూడు ఖర్చులు పూర్తిగా మిగులుతాయి. వాటి అంచనా ముందే వేయించి ఈ లోటు పక్కన పెట్టి చూడండి.

ఇంకో సంగతి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం టౌన్‌షిప్‌లకు 50 హెక్టార్ల నుంచి, భవనాలకు 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి పర్యావరణ అనుమతి కావాలి. 40 ఎకరాల ప్లాట్ల లేఅవుట్ ఆ పరిధిలోకి రాదు. బయటివాళ్లెవరూ వచ్చి అడగరు కాబట్టి ఆ పరిశీలన బాధ్యతంతా గీత గీసేవాళ్లదే.

6. రోడ్లు

మెట్ట వెన్ను మీదుగా ప్రధాన రోడ్డు, ఎత్తుగీతల వెంట ఉపరోడ్లు. వాలు వెంట నేరుగా కిందికి దిగే రోడ్డు వానలో కాలువ అవుతుంది. వాగును ఒక్కచోటే, దానికి లంబంగా దాటాలి. ఏటవాలుగా దాటితే కల్వర్టు పొడవు పెరుగుతుంది, ఒడ్డు ఎక్కువ చెడుతుంది. కల్వర్టు తెరుపు వాగు వెడల్పు కంటే కనీసం 1.2 రెట్లు ఉండాలి, 6 మీటర్ల వాగుకు 7 మీటర్ల పైన. అడుగు పలకను వాగు అడుగు కంటే 30 సెంటీమీటర్లు కిందికి దించితే దాని మీద ఇసుక, మట్టి చేరి వాగు అడుగు తెగకుండా సాగుతుంది. తాబేళ్లు, కప్పలు దాటిపోగలుగుతాయి. పైపులు వేసి మట్టి కప్పే పద్ధతి చవక, కానీ మొదటి వరదకే చెత్త అడ్డం పడి రోడ్డే కట్టలా మారుతుంది.

ప్రహరీ కూడా అంతే. పల్లం వైపు కట్టిన గోడ నీటికి ఆనకట్ట. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో గోడ కూలి ప్రాణాలు పోయాయి. వాగు దాటే చోట గోడ అసలొద్దు, ఇనుప ఊచలు చాలు. మిగతా చోట్ల నేలమట్టానికి మూడు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కన్నాలు వదిలితే నీరు పోతుంది, ముంగిసా పోతుంది.

7. వాన నీటి లెక్క

లేఅవుట్ రాకముందు 40 ఎకరాల మీద పడిన వానలో పావు వంతు జారేది అనుకుందాం. కప్పులు, రోడ్లు వచ్చాక 65 శాతం జారుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే ప్రవాహం ఎంత? జారే వాటా × వాన × హెక్టార్లు, దాన్ని 360తో భాగిస్తే సెకనుకు ఘనమీటర్లు వస్తాయి. ముందు 0.25 × 60 × 16 ÷ 360 = 0.67. తర్వాత 0.65 × 60 × 16 ÷ 360 = 1.73. తేడా సెకనుకు 1.07 ఘనమీటర్లు. ఒక గంట ఆ తేడాను ఆపాలంటే 3,840 ఘనమీటర్ల చోటు కావాలి. 1.2 మీటర్ల లోతుతో, 1:4 వాలు గట్లతో చేస్తే ఎకరం పడుతుంది. ఇందాక చెప్పిన ఎకరం ఇదే.

ఈ గుంటను వాగు మధ్యలో కాక, పక్కన పెట్టాలి. రోడ్ల నీరు తెచ్చే పచ్చిక కాలువ వాగును కలిసే ముందు పక్కగట్టున ఒక మత్తడి కట్టి, సెకనుకు 0.67కు మించిన నీరు మాత్రమే గుంటలోకి పొర్లేలా దాని ఎత్తు నిర్ణయించాలి. చిన్న వానల నీరు ఎప్పటిలాగే కుంటకు చేరుతుంది. గుంటలో నిండినది అడుగున పెట్టిన 150 మిల్లీమీటర్ల జాలీ పైపు ద్వారా రెండు రోజుల లోపే ఖాళీ అవుతుంది. 72 గంటలకు మించి నీరు నిలిస్తే దోమలు పెరగడం మొదలవుతుంది కాబట్టి ప్రతి వాన తర్వాత జాలీ శుభ్రం చేయాలి. వానల్లేని ఏడు నెలలు అది పిల్లల ఆటస్థలం. ఎగువ ఊళ్ల నుంచి వాగులోకి వచ్చే వరద ఈ లెక్కలో లేదు. దానికి నీటిపారుదల ఇంజినీరుతో వేరుగా లెక్క కట్టించి, కల్వర్టు ఎత్తు దాని ప్రకారమే పెట్టాలి.

రోడ్డు పక్కన సిమెంటు కాలువకు బదులు పచ్చిక కాలువ: పైన 3 మీటర్లు, అడుగున 60 సెంటీమీటర్లు, లోతు 40 సెంటీమీటర్లు, వాలు వందకు ఒకటి నుంచి మూడు. అంతకు మించి వాలుంటే 15 మీటర్లకొక రాతి అడ్డుకట్ట వేయాలి, లేకపోతే మట్టి కోసుకుపోతుంది. రోడ్డు అంచు రాయికి ఆరు మీటర్లకొక తెరుపు వదలడం మరిచిపోతారు. తెరుపులు లేకపోతే కాలువ పొడిగా, రోడ్డు నిండుగా ఉంటుంది.

8. కుంటను ‘సుందరీకరణ’ నుంచి కాపాడటం

కబ్జా తర్వాత కుంటలకు ఎక్కువ చేటు చేసేది మంచి ఉద్దేశంతో వేసే రింగ్ బండ్. కుంట చుట్టూ గుండ్రంగా కట్ట పోసి, మీద టైల్స్ పరిచి, లోపలి వైపు రాళ్లు పేర్చి నడకదారి చేస్తారు. ఫొటోకు అందంగా ఉంటుంది. దానితో రెండు పనులు జరుగుతాయి. నలువైపుల నుంచి వచ్చే నీరు కట్ట బయటే ఆగి ఇళ్లలోకి తిరుగుతుంది. కుంటకు ప్రాణమైన పలచని అంచు, మోకాలి లోతు కంటే తక్కువ నీరుండే చోటు, పూర్తిగా పోతుంది. కొంగలు మేసేది, చేపపిల్లలు పెరిగేది, తుంగ, జమ్ము మొలిచి నీటిలోని మురికిని పీల్చుకునేది ఆ అంచునే. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమైంది. నగర చెరువుకు దేశంలోనే మొదటిసారి దక్కిన గుర్తింపు అది. అక్కడికి పక్షులను రప్పించిందీ ఆ పలచని నీళ్లే.

కాబట్టి పాత కట్ట ఉన్న ఒక్క వైపే రాతి పేర్పు ఉండాలి. మిగతా మూడు వైపులా 1:6 లేదా 1:8 వాలుతో నేల నెమ్మదిగా నీటిలోకి దిగాలి. నడకదారి ఎఫ్‌టీఎల్ బయట, మొరంతో, 1.8 మీటర్ల వెడల్పు చాలు. అది కుంటలో సగం చుట్టే తిరగాలి, మిగతా సగం ఒడ్డు మనిషి అడుగు పడకుండా పక్షులకు వదలాలి. బతుకమ్మ వేయడానికి ఒక్కచోట మెట్లు కట్టండి, పూలతో కుంటకు ఏ నష్టమూ లేదు. వినాయక నిమజ్జనానికి మాత్రం విడిగా బేబీ పాండ్ కావాలి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగులు కుంటలో పడకూడదు. దీపస్తంభాలు నాలుగు మీటర్ల లోపు, పసుపు వెలుగు, కిందికి మాత్రమే పడేలా. నీటి మీద వెలుగు పడకూడదు.

కట్ట మీద మర్రి, రావి నాటొద్దు. లావెక్కిన వేరు చచ్చి కుళ్లాక ఆ బొరియ గుండా నీరు కారి కట్ట తెగుతుంది. గడ్డి, తంగేడు చాలు.

9. జేసీబీ రాకముందు

కంచె ముందు, యంత్రం తర్వాత. ఎఫ్‌టీఎల్, బఫర్, వాగు, గుట్ట, చెట్ల గుంపులు అన్నిటికీ ఇనుప కడ్డీలు, జాలీతో కంచె కట్టి, ఫొటోలు తీసి, కాంట్రాక్టరు సంతకం తీసుకున్నాకే పని మొదలవ్వాలి. రంగు రిబ్బన్ కట్టడం కంచె కాదు, మూడో రోజుకే తెగిపోతుంది.

చెట్టుకు ఎంత దూరంలో కంచె? చుట్టుకొలతకు నాలుగు రెట్లు. మీటరున్నర చుట్టుకొలత వేపకు అన్ని వైపులా 6 మీటర్లు. ఆ వలయంలో మట్టి పోయడం, ఇసుక దింపడం, సిమెంటు కడగడం, లారీ నిలపడం, పైపుకు కందకం తవ్వడం ఏవీ కుదరవు. వేళ్లలో ఎక్కువ భాగం పై అర మీటరు, ముప్పావు మీటరు మట్టిలోనే ఉంటాయి. లారీ చక్రాలకు ఆ మట్టి గట్టిపడితే వేళ్లకు గాలి అందదు. చెట్టు ఆ ఏడాది ఎండదు. రెండు మూడేళ్ల తర్వాత కొన కొమ్మల నుంచి ఎండుతూ వస్తుంది. అప్పటికి కాంట్రాక్టరు ఉండడు, కారణం ఎవరికీ గుర్తుండదు.

పైమట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు విడిగా తీసి, రెండు మీటర్లకు మించని కుప్పలుగా, కుంటకు దూరంగా పోయాలి. మీద జనుము లేదా పిల్లిపెసర చల్లితే మట్టి కొట్టుకుపోదు, సారం నిలుస్తుంది. మట్టి పనులు జూన్‌కు ముందే ముగించాలి. కుదరకపోతే తవ్విన చోటుకూ కుంటకూ మధ్య వరుసగా గోనెసంచుల ఇసుక గట్టు వేసి, వెనుక పూడికగుంట తవ్వాలి. ఒక్క వానాకాలంలో కొట్టుకొచ్చిన ఎర్రమట్టి చిన్న కుంట లోతును బాగా తగ్గించేస్తుంది.

10. మురుగు

484 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తుంది, అంటే రోజుకు 2 లక్షల లీటర్ల పైనే. ‘తర్వాత మున్సిపాలిటీ లైను వస్తుంది’ అన్న భరోసాతో ఇళ్లు కట్టేస్తే, లైను వచ్చేదాకా అదంతా వాగులో కలుస్తుంది. రెండేళ్లలో కుంట నిండా గుర్రపుడెక్క పరుచుకుంటుంది. మొదటి ఇల్లు చేరే నాటికి ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) నడుస్తూ ఉండాలి. శుద్ధి చేసిన నీటిని చెట్లకు, ఫ్లష్‌లకు వాడాలి. మిగిలింది కుంటలోకి నేరుగా కాక జమ్ము, తుంగ నాటిన మడి గుండా పోవాలి. వాన కాలువల్లోకి మురుగు పైపు కలపకుండా ఏడాదికోసారి తనిఖీ చేయాలి.

11. ఏం నాటాలి

కుంట ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ, ఈత. గుట్ట పాదాన సీతాఫలం, మోదుగ, తంగేడు. రోడ్ల పక్కన వేప, కానుగ, రేల. 60 సెంటీమీటర్ల గుంతల్లో, జూలై వానలకు. కోనోకార్పస్, సుబాబుల్ వద్దు. ఉన్న సర్కారు తుమ్మను ఒక్కసారిగా నరికేయొద్దు, ఒడ్డు కోసుకుపోతుంది. ఏటా మూడో వంతు తీసి ఆ చోట ఈత, కానుగ నాటండి.

12. కాగితం మీద కట్టేయడం

ఇంత చేసి దస్తావేజులో రాయకపోతే పదేళ్లకు ఆ గడ్డినేలలో కమ్యూనిటీ హాలు, బఫర్‌లో గుడి, గుంటలో పార్కింగ్ వస్తాయి. ఖాళీ స్థలాలను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాయాలి. పటంలో ‘పార్కు’ అని కాక ‘వాగు పరిరక్షణ పట్టీ’, ‘వరద గుంట’, ‘రాతిగుట్ట’ అని కొలతలతో, హద్దు బిందువుల అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. అదే పటం రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదవ్వాలి. 2016 రెరా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం నమోదైన లేఅవుట్ ప్లాన్‌ను మార్చాలంటే మూడింట రెండొంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. కొనేవాళ్లు ఆ పటం నకలు తీసుకుని, ఎఫ్‌టీఎల్ రాళ్లు ఎక్కడున్నాయో నడిచి చూసుకోవాలి.

నేల మీద హద్దు రాళ్లు 20 మీటర్లకొకటి, మీటరు లోతున, పైకి అర మీటరు కనిపించేలా. ఎఫ్‌టీఎల్ రాళ్లకు నీలం, బఫర్ రాళ్లకు పచ్చ.

13. మొదటి ఐదేళ్లు

నివాసుల సంఘం నెలవారీ రుసుములో పరిరక్షణకు విడి పద్దు ఉండాలి, లేకపోతే డబ్బంతా గేటు, లిఫ్టు, సెక్యూరిటీకే పోతుంది. మే నెలలో కల్వర్టు, మత్తడి, జాలీ శుభ్రం చేసి, కుంటలోకి నీరు వచ్చే నోట్లో పూడిక తీయాలి. జూలైలో వయ్యారిభామ పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకాలి. అక్టోబరులో అలుగు మట్టం మళ్లీ కొలిచి పాత అంకెతో పోల్చాలి, కట్ట మీద బొరియలు వెతకాలి. డిసెంబరు, జనవరిలో వచ్చే పక్షుల పేర్లు, సంఖ్య ఒక పుస్తకంలో రాయాలి. పక్షులు ఒక ఏడాది తగ్గితే ముందు మురుగు కలుస్తోందేమో చూడండి, తర్వాత రాత్రి దీపాలు, ఆ తర్వాత ఒడ్డున తిరిగే కుక్కలు.